రాతి కాలువలో మూడో రోజు

"టోపీ తడవలేదు," అంది కబ్రోల్.

ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కమాండెంట్ ఫాబ్రెగ్ విననట్టు ఊరుకున్నాడు. ఈసారి ఆమె టోపీ ఉన్న ప్లాస్టిక్ సంచీని సరిగ్గా అతని ముక్కు ముందు పట్టుకుంది.

శనివారం ఉదయం తొమ్మిదీ పది. నీమ్ నగరానికి పేరిచ్చిన ఊట గట్టు మీద నిలబడి ఉన్నారిద్దరూ. కింద ఆకుపచ్చని నీళ్ళలోకి దిగడానికి ఇద్దరు గజఈతగాళ్ళు సిలిండర్లు బిగించుకుంటున్నారు.

"తడవకపోతే ఏంటట?" అన్నాడు ఫాబ్రెగ్. "దూకేముందు టోపీ తీసి గట్టు మీద పెట్టాడు. మర్యాదస్తుడు."

"ఎప్పుడు దూకాడు?"

"గురువారం. పొద్దున పదీ పదికి చివరిసారి కనపడ్డాడు. ఆ మధ్యాహ్నమే దూకుంటాడు."

"గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా కుండపోత. ఆ వానకి గట్టు మీదున్న ఉన్ని టోపీ ముద్దైపోయి, అంచు వేలాడిపోవాలి. దీని అంచు చూడు, నిన్న కొన్నట్టుంది. పైన దుమ్ము చూడు. సున్నం. ఒక్క చుక్క పడ్డా అట్ట కట్టేది. ఇది ఊదితే లేస్తోంది."

"వాన వెలిశాక దూకాడేమో."

"ఏడింటికి తోటమాలి గట్టంతా ఊడ్చాడు. టోపీ లేదు. ఎనిమిదికి గేట్లు మూశాడు. నిన్న పొద్దున ఏడింటికి తెరిచాడు, ఏడుంబావుకి టోపీ దొరికింది. ఆ పావుగంటలో ఎవరో తెచ్చి పెట్టారు, రెమీ. నీళ్ళలో వెతకడం దండగ."

రెమీ ఫాబ్రెగ్, ఎడిత్ కబ్రోల్ పోలీసు శిక్షణలో ఒకే బ్యాచి. అతను మొంపెలియేలో పై ఆఫీసుకు ఎక్కాడు. ఆమె పుట్టిన ఊళ్ళోనే కాప్టెన్‌గా ఉండిపోయింది. యాభై ఒకటో ఏట కూడా ఇద్దరికీ ఆ పాత పోటీ చావలేదు. ఈ కేసు నిన్న మధ్యాహ్నం దాకా ఆమెది. పోయినవాడు ఊరంతా ఎరిగిన మనిషి కావడంతో పైనుంచి ఫాబ్రెగ్‌ని పంపారు.

ఆ పోయినవాడు ఒగ్యుస్త్ రూమెగాస్. అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళుగా ఊరికి వచ్చినవాళ్ళకి రోమన్ల నాటి అరేనా, గుడి, బురుజు, ఊట అన్నీ తిప్పి చూపించిన మనిషి. పెళ్ళి లేదు. అక్కతో ఉంటాడు.

"మరి ఉత్తరం?" అన్నాడు ఫాబ్రెగ్, తురుపు ముక్క వేసినట్టు. టోపీ కింద దొరికిన కాగితం అతని ఫైల్లో ఉంది. "'ముప్పై నాలుగేళ్ళు నడిచాను. ఇక చాలు. నా కోసం ఎవరూ ఎదురు చూడొద్దు. అందరికీ కృతజ్ఞతలు.' చేతిరాత అతనిదే. ఇంకేం కావాలి నీకు?"

"పై అంచు కావాలి."

"ఏంటీ?"

"కాగితం మూడు అంచులూ ఫ్యాక్టరీలో కోసినవి. పై అంచు కత్తెరతో కోసింది. పైన తేదీ ఉండేది, ఎవరికి రాశాడో ఉండేది. ఇది చచ్చేవాడి ఉత్తరం కాదు. ఉద్యోగం మానేసేవాడి ఉత్తరం."

ఫాబ్రెగ్ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. అతని దవడ ఒకసారి కదిలింది. కానీ అతను ఒప్పుకునే రకం కాదు.

"నీకు ప్రతి రాయి వెనకా ఒక రోమన్ దాక్కున్నట్టు కనపడుతుంది, ఎడిత్."

"మీ మొంపెలియే వాళ్ళకి రాయి వెనక రాయే కనపడుతుంది. ఏం చేస్తాం, వెయ్యేళ్ళ ఊరు. ఇంకా పాలపళ్ళు ఊడలేదు."

ఈతగాళ్ళలో ఒకడు కిసుక్కుమని, ఫాబ్రెగ్ చూపు తగిలి గబుక్కున నీళ్ళలోకి దిగిపోయాడు.

*

మార్సియల్ వేదెల్ షెడ్డు ఊరి పైభాగంలో ఉంది. పాత రాతి కట్టడాల మరమ్మతు అతని పని. కబ్రోల్ వెళ్ళేసరికి తొమ్మిదీ యాభై. అతను కిటికీ గడప రాయి చెక్కుతున్నాడు. ఆమెను చూసి సుత్తి ఆపాడు గానీ కింద పెట్టలేదు.

"గురువారం ఎక్కడున్నారు?"

"నిన్ననే చెప్పాను కదండీ. ఇక్కడే."

"పొద్దుట్నించీ?"

"పొద్దుట్నించీ."

"మీ వ్యాను?"

"అదీ ఇక్కడే."

"అయితే పాపం, అది మీకు చెప్పకుండా ఒక్కత్తే వెళ్ళొచ్చినట్టుంది. పదీ నలభై అయిదుకి రూమెగాస్ గారింటి ముందుంది. దాని వల్ల కారు పెట్టుకోడానికి చోటు లేక ఎదురింటావిడ పావుగంట తిట్టుకుంటూ నిలబడింది. అలాంటివాళ్ళు టైము మర్చిపోరు."

వేదెల్ సుత్తి కింద పెట్టాడు. "నేను తప్పేం చెయ్యలేదు."

"తప్పు చెయ్యనివాళ్ళు వ్యాను గురించి అబద్ధాలు చెప్పరు." ఆమె జేబులోంచి చిన్న పొట్లం తీసి రాతి మీద విప్పింది. గోరంత పెచ్చు. ఒకవైపు తెలుపు, రెండోవైపు ఎండిన నెత్తురు లాంటి ఎరుపు. "ఇది రూమెగాస్ గారి టోపీ అంచులో దొరికింది. మీ ఏప్రాను మీద ఇలాంటివే నాలుగు కనపడుతున్నాయి నాకు. ఏ గోడదిది?"

అతను పెచ్చు వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. చర్చిలోకి అడుగు పెట్టినవాడిలా గొంతు తగ్గించాడు.

"మీరు చూశారా దాన్ని?"

"దేన్ని?"

"కాలవని."

కబ్రోల్ పొట్లం మళ్ళీ మడిచింది. అడగకుండా ఆగితేనే ఇలాంటివాళ్ళు చెబుతారని ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఆమెకి నేర్పింది.

"ఉజెస్ ఊటల నుంచి గార్ వంతెన మీదుగా రోమన్లు మన ఊరికి నీళ్ళు తెచ్చిన కాలవ లేదూ, దాని ఆఖరి ముక్కండీ. ఊరంతటికీ నీళ్ళు పంచే పది రంధ్రాల గుండ్రటి తొట్టిలో పడబోయే ముందు ముక్క. ఎక్కడా కూలలేదు, పూడలేదు. ఆయన ఇంటి సెల్లార్ గోడ వెనకే ఉంది. మూడు వారాల క్రితం గోడ ఉబ్బితే నన్ను పిలిచాడు. రాయి ఊడదీశాను, లోపల్నుంచి చల్లటి గాలి మొహాన కొట్టింది." వేదెల్ చేతులు తుడుచుకున్నాడు. "యాభై కిలోమీటర్ల కాలవండీ. మొత్తం వాలు నాలుగంతస్తుల మేడంత కూడా ఉండదు. నేను ఇరవై మీటర్ల మురిక్కాలవకి వాలు కుదరక నానా చావూ చస్తాను. వాళ్ళు కొండల్లోంచి, లోయల మీంచి... ఎలా కొలిచారండీ? దేంతో కొలిచారు?"

"తర్వాత?"

"కాలవ చివర ఇంకోటేదో ఉంది. నాకు సందు పట్టలేదు. ఆయనొక్కడే పాకి వెళ్ళాడు. బయటికొచ్చి గంటసేపు మాట్లాడలేదు. ముప్పై నాలుగేళ్ళు నోటితో బతికిన మనిషండీ! ఆ తర్వాత ఒకటే అన్నాడు: 'సోమవారం ప్రభుత్వానికి చెప్పేస్తాను, అంతవరకూ ఒక్క పురుగుకి కూడా తెలియకూడదు.' మాటిచ్చాను. అందుకే మీకు అబద్ధం చెప్పాను."

"గురువారం సంగతి చెప్పండి."

"పొద్దున ఆఖరిసారి దిగి ఫొటోలు తీసుకుంటాను, నువ్వు పదకొండుకి వచ్చి, దొంగలు పడకుండా కన్నం మూసెయ్ అన్నాడు. మూశాను. ఒంటిగంటన్నరకి చివరి రాయి పెట్టాను."

"ఆయన బయటికొచ్చాడని మీకెలా తెలుసు?"

"టోపీ లేదండీ."

కబ్రోల్ తల ఎత్తింది.

"సెల్లార్లో కన్నం పక్కనే మేకుంది. దిగేటప్పుడు టోపీ దానికి తగిలిస్తాడు. టోపీ ఉంటే నేను లోపలున్నట్టు, లేకపోతే వెళ్ళిపోయినట్టు, అదీ మా గుర్తు. గురువారం మేకు ఖాళీగా ఉంది. అయినా మూడుసార్లు కేకేశాను. పలకలేదు. అందుకని..."

మాట అక్కడే తెగిపోయింది. అతని కళ్ళు ఆమె చంకలోని ప్లాస్టిక్ సంచీ మీద పడ్డాయి. ఆ టోపీ ఊట గట్టుకి శుక్రవారం పొద్దున చేరిందని అతనికి తెలియదు. కానీ ఆమె ముఖం చూశాక, మేకు మీంచి టోపీ తీసింది రూమెగాస్ కాదని అర్థమైంది.

"అమ్మా," అన్నాడు వేదెల్. చెక్కుతున్న రాయి మీదే కూలబడ్డాడు. "నేను ఆయన్ని..."

"ఏడవడానికి తర్వాత టైముంటుంది. గునపం తీసుకోండి. నలభై ఏడు గంటలైంది."

*

రూమెగాస్ ఇల్లు మాన్య్ బురుజు వాలులో, కొండని ఆనుకుని ఉంది. పదీ ఇరవైకి తలుపు తట్టారు. రెండోసారి బాదితే గానీ తెరుచుకోలేదు. లోపల రేడియోలో అకార్డియన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

రూమెగాస్ అక్క, పెళ్ళికాని మద్మొజెల్ హెర్మిన్‌కి డెబ్భై మూడేళ్ళు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన నల్ల గౌనులో ఉంది. తమ్ముడి గురించి ఏదైనా తెలిసిందా అని అడగలేదు. "కాఫీ పెడతాను," అని వంటింట్లోకి నడిచి, పొయ్యి దగ్గర వీపు తిప్పి నిలబడింది.

వేదెల్ కబ్రోల్ చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "ఆవిడకి ఇప్పుడే చెప్పొద్దండీ. గుండె ఆగిపోతుంది."

"నా గుండెకేం కాదు, వేదెల్," అంది హెర్మిన్ వెనక్కి తిరక్కుండా. "కాఫీలో పంచదార వేసుకుంటావా?"

కబ్రోల్ ఆమె వీపు కేసి ఒక్క క్షణం చూసింది. తర్వాత రేడియో కేసి చూసింది. కానీ ఆలోచించే వ్యవధి లేదు.

"సెల్లార్లో గోడ తియ్యాలి, మద్మొజెల్."

"దేనికి? కింద ఎలకలు తప్ప ఏం లేవు. ఇది మా తాత ఇల్లు. అడ్డమైనవాళ్ళూ వచ్చి తవ్వుకుపోవడానికి కాదు."

"మీ తమ్ముడు ఆ గోడ వెనక ఉండొచ్చు."

హెర్మిన్ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "ఒగ్యుస్త్ ఊటలో పోయాడు. ఆ మొంపెలియే ఆయన చెప్పాడు," అంది. అంటూనే పక్కకి తప్పుకుంది. కబ్రోల్ ఆమెను దాటుకుని సెల్లార్ మెట్లు దిగింది.

గోడ కొత్తది. పక్కనే మేకు ఖాళీగా ఉంది. కబ్రోల్ రాయి తీసుకుని మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించింది. మళ్ళీ కొట్టింది. జవాబు లేదు. అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తే కొండల మీద తెల్లవారుజాము నుంచీ వాన పడుతోందని, ఉన్న బళ్ళన్నీ అటే పోయాయని, ఒక్కటి తిరిగొచ్చినా పంపిస్తామని అన్నారు. తర్వాత ఫాబ్రెగ్‌కి చేసింది.

"రాయి కదిపావంటే నీ ఉద్యోగం పోతుంది, ఎడిత్. పురావస్తు శాఖ పర్మిషన్ లేకుండా రోమన్ కట్టడం మీద చెయ్యి వెయ్యడం నేరం. సోమవారం దాకా ఆగు."

"ఈ గోడకి రెండు రోజులు, రెమీ. రెండు వేల ఏళ్ళు కాదు. దాని వెనక మనిషున్నాడు."

"శవం ఊటలో ఉంది. నా వాళ్ళు వెతుకుతున్నారు."

"దొరికిందా?"

ఫోన్లో ఫాబ్రెగ్ ఈతగాళ్ళని కేకేయడం వినపడింది.

"ఇంటి నంబరు పదిహేడు. రాసి పెట్టుకో. నాకేమన్నా అయితే సోమవారం ఇటొచ్చి పర్మిషన్ అడుగు," అని ఫోన్ పెట్టేసి వేదెల్‌కి తల ఊపింది.

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. తను కట్టిన గోడని తనే పగలగొడుతూ వేదెల్ ఏడుస్తున్నాడు, ఒక్క దెబ్బ కూడా గురి తప్పలేదు. పదకొండూ అయిదుకి మనిషి దూరేంత సందు ఏర్పడింది. కబ్రోల్ టార్చి పట్టుకుని ముందు దూరింది.

లోపల అడుగు నేలకి తగలగానే ఆగిపోయింది.

వెతకడానికి వచ్చింది ఆమె. ఒక్క సెకను ఆ సంగతే మర్చిపోయింది. నిలువెత్తు కాలువ చీకట్లోకి వంపు తిరుగుతూ పోతోంది. పైన రాతి కమాను. రెండు పక్కలా నీరు శతాబ్దాల తరబడి వదిలి వెళ్ళిన సున్నపు పొర, చెట్టు బెరడులా పొర మీద పొరగా జానెడు మందాన పేరుకుంది. ఒకచోట అది ఊడిన మేర, కింద ఎర్రటి పూత నిగనిగలాడుతోంది. ఆ పూత మీద నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి. తడి పూతని చేత్తో సవరించి వెళ్ళిపోయిన పనివాడెవడివో. కబ్రోల్ తెలియకుండానే తన వేళ్ళు అందులో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి.

అరేనా పక్క నుంచి రోజూ ఆఫీసుకి వెళ్ళే మనిషి ఆమె. దాని నీడలో కారు పెట్టుకోవచ్చనే తప్ప ఇంకేమీ అనుకోలేదు ఎప్పుడూ. ఇప్పుడు ఆ నాలుగు వేళ్ళ ముందు, తన ఊరు తనకి తెలియదని మొదటిసారి అనిపించింది.

"కాప్టెన్ గారూ," అన్నాడు వెనకనుంచి వేదెల్, "ఇక్కడ చూడండి."

నేల మీద నెత్తుటి మరక. పగిలిన కెమెరా. అక్కణ్ణుంచి మట్టిలో ఈడ్చుకుంటూ పోయిన జాడ. ఒక కాలు పనిచేయని మనిషి చేతుల మీద పాకితే పడే జాడ. రెండు గోడల మీదా నడుమెత్తున తడి గీత ఉంది. ఆ గీత కింద అంతా కొత్త ఎర్రమట్టి.

"ఇది గురువారం నీరు," అంది కబ్రోల్. "ఇంత ఎత్తు వచ్చిందన్న మాట."

కాలువ కొండ లోపలే అర్ధచక్రం తిరిగి, వచ్చిన దిక్కుకే మళ్ళింది. చివర రాళ్ళు జారి సందు ఇరుకైంది. వేదెల్ గునపం వేసి రెండు రాళ్ళు పక్కకి దొర్లించాడు. కబ్రోల్ పొట్ట మీద పాకి అవతలికి జారి, టార్చి పైకెత్తింది.

గది. గుండ్రటి గది. పైకప్పు నుంచి నేల దాకా నీలం.

అంత నీలం ఆమె ఎక్కడా చూడలేదు. ఆ నీలంలో చేపలు ఈదుతున్నాయి. ఈల్ చేపలు, ఎండ్రకాయలు, రెల్లు గడ్డి మధ్య ఒంటికాలి మీద కొంగ. దాని కంటిలో తెల్లటి చుక్క ఇంకా తడిగా ఉన్నట్టే మెరుస్తోంది. వీటన్నిటి మధ్య ఒక మనిషి పక్కకి ఒరిగి పడుకుని, మోచేతి కింద కుండ వంచాడు. కుండ మూతి దగ్గర గోడకి నిజంగానే రంధ్రం ఉంది. అందులోంచి నీరు నిజంగానే కారుతోంది. సన్నగా, తేటగా, చప్పుడు లేకుండా, కింద రాతి తొట్టిలోకి. ఊరు పుట్టినప్పటి దేవుడు. రాజులు మారారు, మతాలు మారాయి, పైన జనం యుద్ధాలు చేసుకున్నారు, ఇల్లు కట్టుకున్నారు, కాఫీ కాచుకున్నారు. ఈయన ఇక్కడ పడుకుని కుండ వంచుతూనే ఉన్నాడు.

వేదెల్ సందులోంచి తల దూర్చి అలాగే ఉండిపోయాడు.

"నీళ్ళ రంగెలా ఉంది?" అన్నదొక గొంతు.

కబ్రోల్ ఉలిక్కిపడి టార్చి తిప్పింది. తొట్టి పక్కన ఎత్తరుగు మీద ఒగ్యుస్త్ రూమెగాస్ గోడకి ఆనుకుని కూచున్నాడు. పెదాలు పగిలి, ముఖం బూడిద రంగులో ఉంది. ఎడమ కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. కళ్ళు మాత్రం బతికే ఉన్నాయి.

"తేటగా ఉంది," అంది, అతని పక్కన మోకరిల్లి. "నేను పోలీసు. కబ్రోల్ నా పేరు. మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాం."

"ఎర్రబడితే చెప్పండి. కొండ మీద వాన పడితే ముందు ఎర్రమట్టి వస్తుంది. తర్వాత మిగతాది వస్తుంది." అతను ఊపిరి తీసుకున్నాడు. "చూశారా? ఆ కొంగని చూశారా? చిత్రకారుడు దాని కాలు మూడుసార్లు దిద్దాడు. కింద గీతలు కనపడతాయి. వాడికి కాలు గీయడం రాదు."

"చూశాను," అంది కబ్రోల్. అతని మణికట్టు పట్టి నాడి చూసింది. ఈయన నలభై ఎనిమిది గంటలుగా చావు పక్కన కూచుని కొంగ కాలు చూస్తున్నాడు.

"అయ్యా, నన్ను క్షమించండి," వేదెల్ లోపలికి పాకి వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "టోపీ లేదయ్యా. మూడుసార్లు పిలిచాను."

"జారిపడ్డాను. తెలివి తప్పింది. తెలివొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయావు. నీ తప్పేం లేదు, మార్సియల్. మంచి గోడ కట్టావు. రాయితో కొట్టినా బెసకలేదు."

"తట్టారా?" అంది కబ్రోల్. "ఎవరికీ వినపడలేదా?"

రూమెగాస్ కళ్ళు పైకెత్తాడు. పైకప్పు నడిమధ్య చదరపు సందు, దానికి మూతగా రాతి పలక. పూర్వం కాలువ శుభ్రం చేసేవాళ్ళు దిగిన దారి. ఆ పలక అంచుల్లోంచి సన్నటి వెలుతురుతో పాటు, చాలా పల్చగా, దూరంగా, ఒక పాట దిగుతోంది.

అకార్డియన్.

"ఆ పైనే మా వంటిల్లు," అన్నాడు రూమెగాస్. "అక్క ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కెమెరా స్టాండు కడ్డీతో తట్టాను. నేను మొదలుపెట్టగానే రేడియో పెట్టింది. నేను ఆపితే ఆపేసింది. మళ్ళీ తడితే మళ్ళీ పెట్టింది. నిన్న రాత్రి నుంచి ఆపడమే లేదు."

టోపీ, కత్తెర, తోట గేటు తెరిచే వేళ, గుసగుస కూడా వినగలిగే చెవులున్న మనిషి ఇంట్లో చెవులు బద్దలయ్యేలా మోగే రేడియో. కబ్రోల్‌కి అన్నీ ఒక్కసారే వచ్చి తగిలాయి. పక్కన వేదెల్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎందుకు?"

"సోమవారం నేను చెప్పేస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలి. చెప్పాను కూడా, బుధవారం రాత్రి. అక్కా, ఇది మనది కాదు, ఊరందరిది అన్నాను. అక్క ఈ ఇంట్లో పుట్టింది. అమ్మ పోతే నన్ను పెంచింది ఈ వంటింట్లోనే. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: 'నీకు నేనెక్కువా, గోడ మీద బొమ్మలెక్కువా?' నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను." అతను కళ్ళు మూసుకున్నాడు. "వెంటనే చెప్పాల్సింది."

పైన పాట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, తొట్టిలో పడుతున్న నీటి చప్పుడు మొదటిసారి వినపడింది. ఇంతసేపూ చప్పుడు లేని నీరు. కబ్రోల్ టార్చి కిందికి దించింది. దేవుడి కుండలోంచి కారుతున్న ధార వేలు లావున ఉంది. రంగు ఇటుక పొడి కలిపినట్టుంది.

"వేదెల్! పరిగెత్తండి. సెల్లార్ తలుపు తెరిచి పెట్టండి, మెట్ల మీంచి నిచ్చెన గానీ పలక గానీ తీసుకురండి, ఈయన్ని దాని మీద మోద్దాం."

అతను సందులోంచి మాయమయ్యాడు. కబ్రోల్ తన కోటు చించి, కెమెరా స్టాండు కడ్డీలు రెండిటి మధ్య రూమెగాస్ కాలు బిగించి కట్టింది. అతను ఒక్కసారి అరిచి పళ్ళు బిగించాడు. ఫోన్ చూసింది. సిగ్నల్ లేదు. అగ్నిమాపక బళ్ళు కొండల మీద ఉన్నాయి, వాళ్ళు కాక ఈ ఇంటి నంబరు తెలిసిన మనిషి ఊళ్ళో ఫాబ్రెగ్ ఒక్కడే. అతనికి ఆమె మాట మీద నమ్మకం లేదు.

ఎంతసేపైందో, సందులోంచి వేదెల్ తల కనపడింది. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు.

"తలుపు పైనుంచి గడియ పెట్టుందండీ. గునపంతో కొట్టాను. ఓక్ చెక్క. కదల్లేదు. కాలవ నిండుతోంది."

కబ్రోల్ అరుగెక్కి, స్టాండులో మిగిలిన కడ్డీ తీసుకుని పలక మీద బలంగా మూడు దెబ్బలు కొట్టింది. "మద్మొజెల్! గడియ తియ్యండి! నీళ్ళొస్తున్నాయి!"

పైన అడుగుల చప్పుడు వచ్చి, సరిగ్గా పలక మీద ఆగింది. తర్వాత గొంతు వినపడింది. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టు, మెల్లగా, మర్యాదగా.

"కాప్టెన్ గారూ. మా ఒగ్యుస్త్ బతికే ఉన్నాడా?"

రూమెగాస్ తల ఎత్తాడు. "అక్కా," అన్నాడు. ఆ మాట పైదాకా వెళ్ళే బలం లేదు.

"బతికే ఉన్నాడు!" అరిచింది కబ్రోల్. "పక్కనే ఉన్నాడు. మిమ్మల్ని పిలుస్తున్నాడు. తలుపు తియ్యండి!"

పైన అడుగులు పలక దాటి పక్కకి వెళ్ళాయి. కింద ఎర్రటి నీరు తొట్టి అంచు దాటి నేల మీదికి దిగింది.

అప్పుడు పైన ఏదో బరువైనదాన్ని నేల మీద ఈడ్చిన శబ్దం వచ్చింది. అది పలక మీదికి వచ్చి ఆగగానే, అంచుల్లోంచి దిగుతున్న ఆ కాస్త వెలుతురూ ఆరిపోయింది.